అట్ట చెడితే మగ్గం పారేస్తామా?

 

మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు పట్టు ధర గురించో, కూలి గురించో చెప్తామని మీరు అనుకొని ఉంటారు. ఆ మాటలు పొద్దున్నుంచి మనవాళ్ళు చెప్తానే ఉన్నారు, బాగానే చెప్పినారు. మేము ఈ రోజు ఒక చిన్న చిప్ గురించి చెప్పాలని వచ్చినాము. శనగబద్దంత ఉంటుంది. ఎనిమిది కాళ్ళు ఉంటాయి. మీ సొసైటీ ఆఫీసులో ఉన్న కంప్యూటర్ లోపల, మదర్‌బోర్డు అనే పచ్చ పలక మీద ఒక మూల కూర్చొని ఉంటుంది. అది చెడిపోతే కంప్యూటర్ మొత్తం చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. నిజానికి చావదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని బోర్డులు పాత సామాన్ల బండికి పోతున్నాయో. మా దగ్గరా పోవలసిందే, పోలేదు. ఎందుకు పోలేదో చెప్తాము.

మేము చదివింది ఎనిమిదో తరగతి. కాబట్టి మాకు అర్థమైన భాషలోనే చెప్తాము. పెద్ద చదువు చదివిన పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఓపికతో వినండి.

ముందు ఆ చిప్ ఏం చేస్తుందో చూద్దాము. పొద్దున్నే మనం మగ్గంలో దిగుతాము. దిగిన వెంటనే నాడె విసరము. పడుగు బిగువు చూస్తాము. రాత్రి ఏమైనా పోగులు తెగినాయా అని చెయ్యి పెట్టి చూస్తాము. నాడెలో కండె ఉందా, పన్నె సరిగా ఉందా చూస్తాము. అన్నీ చూసుకున్నాకనే మొదటి పేక వేస్తాము. ఈ పని ఎవరూ పుస్తకంలో చూసి చెయ్యరు, చేతికి వచ్చేసి ఉంటుంది. కంప్యూటర్‌కు చెయ్యీ లేదు, అలవాటూ లేదు. స్విచ్ వేయగానే ఏది ముందు చూడాలి, ఏది తరువాత చూడాలి అని రాసిపెట్టిన వరస ఒకటి కావాలి. ర్యామ్ ఉందా, కీబోర్డు ఉందా, డిస్కు ఉందా అని చూసి, అంతా బాగుంటే విండోస్‌ను పిలిచి పని అప్పజెప్పే వరస అది. దాని పేరే బయాస్. ఇప్పటి కొత్త రకాన్ని యూఈఎఫ్‌ఐ అంటారు, వాడుకలో అందరూ బయాస్ అనే అంటారు. ఆ వరస రాసి ఉండేది ఈ శనగబద్ద చిప్‌లోనే. కరెంటు తీసేసినా అందులోని రాత పోదు.

ఇప్పుడు మా సొసైటీలో జరిగింది చెప్తాము. దీపావళికి ఇంకా పద్దెనిమిది దినాలు ఉంది. మా వైపు ఐప్పసి మాసం వాన మీకు తెలుసు కదా. సాయంత్రం ఆఫీసు మూసే వేళ కంప్యూటర్ తనంతట తానే అప్‌డేట్ మొదలుపెట్టింది. కొన్ని కంపెనీ కంప్యూటర్లలో విండోస్ అప్‌డేట్‌తో పాటు బయాస్ అప్‌డేట్ కూడా వస్తుంది. ఆ పని జరిగేటప్పుడు గాలివాన వచ్చి వీధిలో కరెంటు పోయింది. యూపీఎస్ కొంతసేపు మోసింది, తరువాత అదీ కూర్చుండిపోయింది.

మరుసటి దినం స్విచ్ వేస్తే లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ లేదు. బీప్ అనే శబ్దం కూడా లేదు. కొంచెంసేపు తిరిగి, తానే ఆగి, మళ్ళీ తానే తిరుగుతుంది.

కంప్యూటర్ ఒక అంగడికి తీసుకుపోయినాము. ఆయన చూసి, బోర్డు చచ్చిపోయింది, ఈ మోడల్ బోర్డు ఇప్పుడు రాదు, కొత్త బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కలిపి 17,000 రూపాయలు అవుతుంది అన్నాడు. పాత డిస్కులో ఉన్నది వస్తుందో రాదో గ్యారంటీ ఇవ్వను అని కూడా అన్నాడు.

మాకు 17,000 కంటే ఆ కడమాటే గుండెలో గుచ్చుకుంది. ఎందుకంటే ఆ డిస్కులో ఉన్నది ఏమిటి? ఏ సభ్యుడికి ఎన్ని గ్రాముల పట్టు ఇచ్చినాము, ఎంత జరీ ఇచ్చినాము, ఎన్ని చీరలు తిరిగి వచ్చినాయి, ఎంత కూలి ఇచ్చినాము, పొదుపు నిధిలో ఎవరి పేరున ఎంత ఉంది, దీపావళి బోనస్ ఎవరికి ఎంత, అన్నీ అందులోనే. పెన్‌డ్రైవులో ఒక కాపీ ఉంది, కానీ అది ఆగస్టు ఆఖరుదాకానే. తరువాతి లెక్క అంతా ఆ పెట్టెలో ఉంది.

సంగతి వీధిలో పాకిపోయింది. సొసైటీ లెక్క పోయిందంట అని ఒకరు, పోయిందంటున్నారు అని ఒకరు. మాట మారితే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. ఒక తల్లి సాయంత్రం ఆఫీసు మెట్ల మీద వచ్చి కూర్చుంది. ఆమె భర్త పోయినాక మగ్గం ఆపేసి, ఇంట్లో మిగిలిన రెండు మార్కుల జరీ సెప్టెంబరులో సొసైటీకి తిరిగి ఇచ్చేసింది. "నేను జరీ ఇచ్చేసినది ఆ పెట్టెలోనే కదా నాయనా ఉంది? రేపు ఎవరైనా వచ్చి నీ మొగుడు జరీ బాకీ అంటే నేనేం చూపించేది?" అని అడిగింది. కంప్యూటర్ చెడిపోతే పోయేది ఇనుము కాదు. మనిషి మాటకు ఉన్న రుజువు పోతుంది.

మా సభ్యుడి కొడుకు ఒకడు ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి, సెల్‌ఫోన్లు రిపేరు చేస్తుంటాడు. వాడు వచ్చి, "పెదనాయనా, బోర్డు చచ్చిందని ఎట్లా చెప్పినారు? ఏమేం కొలిచి చూసినారంట?" అని అడిగినాడు. మాకు జవాబు తెలియలేదు. మగ్గం ఆడలేదంటే మనమైతే ఏం చేస్తాము? తాడు తెగిందా, తొక్కుడు చెక్క ఊడిందా, జకార్డు కొక్కెం వంగిందా అని ఒక్కొక్కటే చూస్తాము. చూడకముందే మగ్గం పోయిందని అనము. వాడు అడిగిన మాట సరైన మాటే.

వాడు మొదట చేసిన పని బోర్డును ముట్టుకోవడం కాదు. డిస్కు ఊడదీసినాడు. ఒక కేబుల్‌తో దాన్ని ఇంకొక కంప్యూటర్‌కు తగిలించినాడు. పట్టు లెక్క, జరీ లెక్క, పొదుపు లెక్క, డిజైన్ ఫైళ్ళు అన్నీ తెర మీద కనిపించినాయి. బయాస్ ఉండేది వేరే చిప్‌లో, మన లెక్కలు ఉండేది వేరే డిస్కులో అని మాకు ఆ దినమే తెలిసింది. ఒకటి చెడితే రెండోది చెడాలని లేదు. ఆ తల్లిని పిలిచి, ఆమె భర్త పేరున జరీ తిరిగి వచ్చిన తారీఖు చూపించినాము. ఆమె ఆ అంకెలు చదవలేదు, మా మొహాలు చూసింది, అంతే, లేచి వెళ్ళిపోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కొన్ని కంప్యూటర్లలో బిట్‌లాకర్ అని డిస్కుకు తాళం వేసి ఉంటుంది. అట్లాంటి డిస్కును వేరే చోట తగిలిస్తే 48 అంకెల తాళం నెంబరు అడుగుతుంది. బయాస్ మార్చి రాసినాక కూడా అడగవచ్చు. ఆ నెంబరు లేకుంటే డిస్కు బాగున్నా లోపలికి పోలేము. మా దానికి ఆ తాళం లేదు. మీ దానికి ఉందేమో ఇంటికి పోయిన వెంటనే చూడండి. ఉంటే ఆ నెంబరు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. దాన్ని ఆ కంప్యూటర్‌లోనే దాచిపెడితే ఏమి లాభం?

లెక్క చేతికి వచ్చింది కదా, బోర్డుతో ఇంకేం పని అని మీరు అడగవచ్చు. సొసైటీ సాఫ్ట్‌వేర్ ఆ కంప్యూటర్‌కే లైసెన్సు కట్టి ఉంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ కూడా అంతే. పండగ ముందర కొత్తది కొని, అన్నీ ఎక్కించి, సరిచూసే టైము లేదు. పైగా 17,000 రూపాయలు సభ్యుల సొమ్ము.

అప్పుడు వాడు బోర్డు పట్టినాడు. ఫ్యాను తిరిగి తెర రాకుంటే అది బయాసే అని తేల్చేయకూడదు. ర్యామ్ చెడినా అట్లాగే ఉంటుంది. పవర్ సప్లై బలహీనమైనా, బోర్డు మీద నాణెంలాంటి బ్యాటరీ అయిపోయినా అట్లాంటి ఇబ్బంది రావచ్చు. వాడు ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చినాడు. ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును రబ్బరుతో తుడిచి, ఒక్కటే పెట్టి చూసినాడు. పవర్ సప్లై ఓల్టేజీ మీటరుతో కొలిచినాడు. సీఆర్ 2032 అనే మూడు ఓల్టుల బ్యాటరీ తీసి, కొంతసేపు ఆగి కొత్తది వేసినాడు. దీనితో పాత సెట్టింగులు చెరిగిపోతాయి, కొన్నిసార్లు ఇంతటితోనే కంప్యూటర్ లేస్తుంది. మాది లేవలేదు.

తరువాత బోర్డులో కంపెనీవాళ్ళు పెట్టిన దారి చూసినాడు. ఇది మీరు తప్పక గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే చాలాసార్లు పని ఇక్కడే అయిపోతుంది, పైసా ఖర్చు ఉండదు. హెచ్‌పీ వాటిలో చాలా మోడళ్ళకు విండోస్ గుర్తు ఉన్న మీటతో పాటు బీ మీట నొక్కి పట్టుకొని స్విచ్ వేస్తే రికవరీ మొదలవుతుంది. డెల్ వాటిలో చాలావాటికి కంట్రోల్, ఎస్కేప్ మీటలు. విడిగా కొన్న బోర్డుల్లో కొన్నిటికి వెనకాల ఒక బటన్ ఉంటుంది. ఏసుస్ వాళ్ళు దాన్ని బయాస్ ఫ్లాష్‌బ్యాక్ అంటారు, గిగాబైట్ వాళ్ళు క్యూ ఫ్లాష్ ప్లస్ అంటారు, ఎంఎస్ఐ వాళ్ళు ఫ్లాష్ బయాస్ బటన్ అంటారు. కంపెనీ సైటు నుంచి సరైన ఫైలు దించి, ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవులో వేసి, వాళ్ళు చెప్పిన పేరే ఆ ఫైలుకు పెట్టి, చెప్పిన రంధ్రంలోనే గుచ్చి, బటన్ నొక్కాలి. ఈ బటన్ ఉన్న బోర్డు తెర రాకున్నా తనను తాను రాసుకుంటుంది. గిగాబైట్ బోర్డుల్లో కొన్నిటికి రెండు బయాస్ చిప్‌లు ఉంటాయి, ఒకటి చెడితే రెండోది ఆదుకుంటుంది. మా దానిలో రికవరీ మీటలు నొక్కినా ఏమీ రాలేదు. ఆ మీటలను కనిపెట్టే భాగం కూడా అదే చిప్‌లో రాసి ఉంటుంది, అదీ చెరిగిపోతే ఇక మీటలు ఏం చేస్తాయి?

ఇక మిగిలింది చిప్‌ను నేరుగా పట్టుకోవడం. దీనికి సీహెచ్ 341 ఏ అనే చిన్న ప్రోగ్రామర్ ఉంది. పెన్‌డ్రైవు లాగా యూఎస్‌బీలో గుచ్చుతారు. కొన్ని వందల రూపాయలకు వస్తుంది. దాంతోపాటు బట్టలు ఆరేసే క్లిప్పులాంటి ఒక క్లిప్పు ఉంటుంది. అది చిప్ ఎనిమిది కాళ్ళను రెండు వైపులా పట్టుకుంటుంది.

వాడు చేసిన వరస చెప్తాము, ఇక్కడున్న పిల్లలు వినండి. ముందు కరెంటు వైరు పూర్తిగా ఊడదీసినాడు. నాణెం బ్యాటరీ కూడా తీసినాడు. చిప్ మీద అచ్చు వేసిన నెంబరు చదవాలి, అది కంటికి ఆనదు. మేము గుడ్డలో పోగులు లెక్కపెట్టే అద్దం ఇచ్చినాము. దాంతో చదివినాడు. నెంబరు ఎందుకంటే, చిప్‌లలో మూడు పాయింటు మూడు ఓల్టులవి ఉన్నాయి, ఒకటి పాయింటు ఎనిమిది ఓల్టులవి ఉన్నాయి. రెండో రకానికి నేరుగా ఈ ప్రోగ్రామర్ తగిలిస్తే చిప్ కాలిపోవచ్చు, మధ్యలో ఒక అడాప్టర్ కావాలి. ఇంకొకటి, ఈ ప్రోగ్రామర్లలో నల్లరంగువి కొన్ని డేటా తీగల మీద ఐదు ఓల్టులు పంపుతాయి, కొనేటప్పుడు అది సరిచేసి ఉన్నదా అని అడగాలి.

చిప్ మీద ఒక మూల చిన్న చుక్క ఉంటుంది. అది ఒకటో కాలు. క్లిప్పు వైర్లలో ఎర్ర వైరు ఒకటో కాలికి. ఎర్ర వైరు చుక్క దగ్గరికి రావాలి. తిప్పి పెడితే చిప్‌కు ప్రమాదం.

తరువాత, ఏదీ రాయకముందు, చిప్‌లో ఇప్పుడున్నది చదివి దాచినాడు. చెడిపోయినదాన్ని దాచడం ఎందుకు అని మేము అడిగినాము. "పెదనాయనా, చెడింది కొంచెమే అయ్యుండొచ్చు. మంచి భాగం ఇంకా ఇందులో ఉండొచ్చు" అన్నాడు. మూడుసార్లు చదివినాడు. మూడూ మూడు రకాలుగా వచ్చినాయి. అంటే క్లిప్పు సరిగా పట్టలేదని అర్థం. కాళ్ళను స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ పెట్టినాడు. ఈసారి మూడూ ఒకటే వచ్చినాయి. అచ్చు అతికేటప్పుడు పోగులు రెండుసార్లు లెక్క చూసుకోకుండా మనం ముందుకు పోతామా? అదే బుద్ధి ఇక్కడా కావాలి.

చదివినదాన్ని తెర మీద చూపించినాడు. వరసలు వరసలుగా అంకెలు, అక్షరాలు. మధ్యలో ఒక పెద్ద భాగం అంతా ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్ అనే ఉంది. "ఇదిగో ఇక్కడ. పాతది చెరిపేసింది, కొత్తది రాయకముందే కరెంటు పోయింది" అన్నాడు.

ఎందుకు చెరపాలి, పాతదాని మీదే కొత్తది రాయకూడదా అని మేము అడిగినాము. వాడు చెప్పిన జవాబు విని మాకు నవ్వు వచ్చింది, ఎందుకంటే అది మన పనే. జకార్డు అట్ట తీసుకోండి. ఖాళీ అట్టలో మనం రంధ్రం కొట్టగలము. కొట్టిన రంధ్రాన్ని పూడ్చలేము. డిజైన్ మార్చాలంటే కొత్త ఖాళీ అట్ట తీసుకొని మొదటినుంచి కొట్టాలి. ఈ చిప్ కూడా అంతే. అందులో అన్నీ ఒకట్లు, సున్నాలు. ఖాళీగా ఉన్నప్పుడు అన్నీ ఒకట్లే, వాటినే తెర ఎఫ్ఎఫ్ అని చూపిస్తుంది. రాయడం అంటే కొన్ని ఒకట్లను సున్నాలు చేయడం. సున్నాను మళ్ళీ ఒకటి చేయాలంటే విడిగా కుదరదు, ఆ పాళం మొత్తం చెరిపి ఖాళీ చేయాలి. కాబట్టి అప్‌డేట్ అంటే ముందు చెరపడం, తరువాత రాయడం. ఆ రెంటి మధ్య కరెంటు పోతే చేతిలో ఖాళీ అట్టలే మిగులుతాయి.

ఇది ఊరికే పోలిక కాదు. ఫ్రాన్సులో లియోన్ పట్టణపు పట్టు నేతలో 1804లో జకార్డు అనే ఆయన అట్టల మగ్గం తెచ్చినాడు. రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ అనే ఆయన 1830లలో తాను ఊహించిన లెక్కల యంత్రానికి ఈ అట్టలనే తీసుకున్నాడు. అమెరికాలో 1890 జనాభా లెక్కలను హొలెరిత్ యంత్రాలు రంధ్రాల అట్టలతోనే లెక్కపెట్టినాయి. కంప్యూటర్ మనకు కొత్త, పరాయి అని మన పెద్దలు భయపడతారు. మగ్గం నుంచి దానికి పోయిన బుద్ధి ఒకటి ఉంది. మన పిల్లలు దాని ముందు తల వంచుకొని నిలబడనక్కరలేదు.

సరే, ఖాళీ అయిన భాగానికి మంచి రాత ఎక్కడినుంచి తేవాలి? కంపెనీ సైటులో ఫైలు ఉంటుంది. అదే మోడల్, అదే రివిజన్ అయి ఉండాలి. పేరు ఒకటే ఉండి రివిజన్ వేరైతే వేరే బోర్డు కిందే లెక్క. పైగా సైటులో దొరికే ఫైలు చాలాసార్లు చిప్‌కు సరిపోయే కొలతలో ఉండదు, ముందర వేరే ముక్క అతికి ఉంటుంది. ఎనిమిది ఎంబీ చిప్ అంటే సరిగ్గా 83,88,608 బైట్లు, పదహారు ఎంబీ అంటే 1,67,77,216. ఒక్క బైటు ఎక్కువైనా తక్కువైనా ఆగి చూడాలి. మా దాని ఫైలు అట్లా నేరుగా రాసేది కాదు. ఏం చేసేదని చూస్తే, పక్క వీధి సొసైటీలో అదే మోడల్ కంప్యూటర్ ఉంది, రెండూ ఒకేసారి కొన్నవే. మేము పోయి వాళ్ళ అధ్యక్షుణ్ణి అడిగినాము. వెనకటి దినాల్లో డిజైన్ అట్టలు ఒకరికొకరు ఇచ్చుకునేవాళ్ళము కదా, అట్లాగే ఇచ్చినారు. వాళ్ళ చిప్‌లో ఏమీ రాయలేదు, చదువుకొని వచ్చినాము, అంతే.

అయితే వాళ్ళ రాతను యథాతథంగా మన చిప్‌లో వేస్తే ఒక చిక్కు ఉంది. చాలా కంప్యూటర్లలో సొంత సీరియల్ నెంబరు, నెట్‌వర్క్ నెంబరు అదే చిప్‌లో ఉంటాయి. విండోస్ లైసెన్సు కూడా కొన్నిటిలో అక్కడే ఉంటుంది. వాళ్ళది మనకు వేస్తే రెండు కంప్యూటర్లకు ఒకటే పేరు అవుతుంది. అప్పుడు ముందు దాచిన చెడ్డ కాపీ పనికొచ్చింది. అందులో మన నెంబర్లు ఉన్న భాగం చెడలేదు. వాడు వాళ్ళ దాని నుంచి ప్రోగ్రాం భాగం తీసుకొని, మన దాని నుంచి మన నెంబర్ల భాగం తీసుకొని కలిపినాడు. కంచి చీరలో ఒడలు ఒక నాడె, అంచు ఒక నాడె, రెండింటినీ కోర్వైలో కలుపుతాము కదా. అదే పని. కలిసే చోటు ఒక పోగు తప్పినా చీర పనికిరాదు. అందుకే వాడు ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కాగితం మీద రాసుకొని, రెండుసార్లు సరిచూసి కలిపినాడు.

తరువాత చిప్‌ను చెరిపినాడు. ఖాళీ అయిందా అని చూసినాడు. రాసినాడు. రాసినది, ఫైలులో ఉన్నది ఒకటేనా అని సరిచూసినాడు. చెరపడం, ఖాళీ చూడడం, రాయడం, సరిచూడడం, ఈ నాలుగులో ఒకటి కూడా వదలకూడదు. అంతా అరగంట లోపలే అయింది. క్లిప్పు తీసి, బ్యాటరీ వేసి, ర్యామ్ పెట్టి స్విచ్ వేసినాడు. ఒకసారి తిరిగి ఆగిపోయింది. మా ప్రాణం జారిపోయింది. "ఆగండి, కొత్తగా రాసినాక మొదటిసారి అట్లా ఆగి తిరుగుతుంది" అన్నాడు. ఒక నిమిషం తరువాత తెర మీద కంపెనీ గుర్తు వచ్చింది. తారీఖు, టైము తప్పుగా చూపించింది, అది దిద్దినాడు. డిస్కు నడిచే పద్ధతి పాత సెట్టింగులాగే ఉందా అని కూడా చూసినాడు, అది మారితే విండోస్ లేవదు. తరువాత డిస్కు తగిలిస్తే మన లెక్కల పుస్తకం మామూలుగా తెరుచుకుంది. బోనస్ పట్టీ అనుకున్న దినానికే వేసినాము.

వాడికి కూలి ఎంత అని అడిగితే సిగ్గుపడినాడు. మేము ఊరుకోలేదు. కమిటీలో పెట్టి, తీర్మానం రాసి, చెక్కు ఇచ్చినాము. మన పిల్లోడే కదా అని ఊరికే చేయించుకోవడం మంచిది కాదు. మన నేతకు కూలి సరిగా రాలేదని మనం జెండాలు పడతాము, మన పిల్లల పనికి మనమే కూలి ఇవ్వకుంటే ఎట్లా?

ప్రతిసారీ ఇట్లా జరిగిపోతుందని మేము చెప్పము. చిప్ బోర్డు మీద ఉండగా కొన్నిసార్లు చదవడం కుదరదు, వేడిగాలితో ఊడదీయాలి, దానికి చెయ్యి తిరిగినవాడు కావాలి. కొన్నిసార్లు చిప్పే కాలిపోయి ఉంటుంది, అప్పుడు అదే రకం కొత్త చిప్ వేసి రాయాలి. కొన్నిసార్లు నిజంగానే బోర్డు పోయి ఉంటుంది. పోయిందని ఎవరైనా చెప్తే, ఏం కొలిచి చెప్పినావు అని అడిగే హక్కు మనకు ఉంది. మేము అడిగేది అంతే.

వైరస్ కూడా ఈ చిప్‌ను చెరపగలదు. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ చాలా దేశాల్లో ఈ పనే చేసింది. డిస్కులోని సమాచారం చెరిపింది, కొన్ని రకాల బోర్డుల్లో బయాస్ కూడా చెరిపింది. కాబట్టి ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవు సొసైటీ కంప్యూటర్‌లో గుచ్చకండి.

ఇప్పుడు ఫెడరేషన్‌లోని ప్రతి సొసైటీని మేము కోరేది చెప్పి ముగిస్తాము. మొదటిది, మీ కంప్యూటర్ మోడల్, బోర్డు రివిజన్ నెంబరు ఒక పుస్తకంలో రాసి పెట్టండి. రెండోది, కంప్యూటర్ బాగున్నప్పుడే తెలిసినవాడితో బయాస్ కాపీ ఒకటి తీయించి పెన్‌డ్రైవులో దాచండి, డిజైన్ అట్టల కట్ట ఇంకొకటి అటక మీద పెట్టుకున్నట్టు. మూడోది, లెక్కల కాపీ వారానికి ఒకసారి తీసి, ఆఫీసులో కాకుండా వేరే ఇంట్లో పెట్టండి. నాలుగోది, కంప్యూటర్ బాగా నడుస్తుంటే బయాస్ అప్‌డేట్‌కు తొందరపడకండి. భద్రత కోసం కావాలని కంపెనీ చెప్తే చేయండి, కానీ వాన లేని దినం, పగటిపూట, మంచి యూపీఎస్ ఉండగా చేయండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉండి, ఛార్జరు గుచ్చి ఉండాలి. ఎలక్ట్రానిక్ జకార్డు ఉన్నవాళ్ళు గమనించండి, ఆ కంట్రోల్ పెట్టెలో కూడా ఇట్లా రాసిపెట్టిన ప్రోగ్రాం ఉంటుంది. దానికి అప్‌డేట్ చేసేటప్పుడూ ఇదే జాగ్రత్త.

ఐదోది, ఫెడరేషన్ పెద్దలకు. ప్రతి ఊరిలో మన పిల్లలు ఇద్దరికి ఈ పని నేర్పించండి. ఒక ప్రోగ్రామర్, ఒక క్లిప్పు, ఒక మీటరు, పాత బోర్డులు నాలుగు చాలు. తెగిన పోగును వెదికి పట్టుకునే కన్ను, తొందర లేని చెయ్యి మన పిల్లలకు ఇంట్లోనే వచ్చి ఉంటాయి. మగ్గంలో కూర్చోని పిల్లవాడు నేతకు దూరమైపోయినాడని మనం బాధపడతాము. మా కంప్యూటర్ లేపినవాడు మగ్గంలో కూర్చోలేదు. అయినా సొసైటీ లెక్కను, ఆ తల్లి మాటను నిలబెట్టింది వాడే.

షోలాపూరులో అయినా, బరంపురంలో అయినా, యానాంలో అయినా ఈ సాయం కావలసి ఉంటే మా కంచి సొసైటీకి కబురు పెట్టండి. మా దగ్గర ఉన్న ప్రోగ్రామర్‌ను, మా పిల్లోడిని, దారిఖర్చు ఇచ్చి పంపుతాము.